రోగనిరోధక వ్యవస్థే ప్లేట్‌లెట్లను నాశనం చేసినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లేట్‌లెట్లు అంటే ఏమిటి? రక్తంలో అవి ఎన్ని ఉండాలి?

ఎముక మజ్జలో మెగాకారియోసైట్లు అనే భారీ కణాలు ఉంటాయి. అవి సన్నని పోగుల్లాంటి భాగాలను రక్తనాళాల్లోకి చాస్తాయి. ఆ పోగులు రక్తప్రవాహం తాకిడికి తునకలుగా విడిపోతాయి. ఆ తునకలే ప్లేట్‌లెట్లు. ఒక్కొక్క మెగాకారియోసైటు నుంచి వెయ్యి నుంచి మూడు వేల దాకా ప్లేట్‌లెట్లు వస్తాయి. వీటికి కేంద్రకం ఉండదు, వ్యాసం రెండు మూడు మైక్రోమీటర్లకు మించదు. రక్తనాళం ఎక్కడ చిట్లినా క్షణాల్లో అక్కడ చేరి, ఒకదానికొకటి అతుక్కుని రంధ్రాన్ని మూసివేయడం వీటి ప్రధానమైన పని.

ఆరోగ్యవంతుల్లో ఒక మైక్రోలీటరు రక్తానికి లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ప్లేట్‌లెట్లు ఉంటాయి. ఒక్కొక్కటి 7 నుంచి 10 రోజులు బతుకుతుంది. ఈ లోటును పూడ్చడానికి మజ్జ రోజుకు సుమారు 10,000 కోట్ల కొత్త ప్లేట్‌లెట్లను తయారు చేస్తూనే ఉండాలి. మొత్తంలో దాదాపు మూడో వంతు ఏ సమయంలోనైనా ప్లీహంలోనే, అంటే కడుపు ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే స్ప్లీన్ అనే అవయవంలోనే, నిలిచి ఉంటాయి. ప్లీహం పేరు ఇకముందు పదేపదే వస్తుంది కనుక ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

రోగనిరోధక వ్యవస్థ సొంత ప్లేట్‌లెట్లపై ఎందుకు దాడి చేస్తుంది?

ఇలా దాడి జరిగే వ్యాధిని ఐటీపీ, అంటే ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా, అంటారు. ఇలాంటి వ్యాధులను కంచే చేను మేయడంతో పోలుస్తుంటారు. అయితే ఈ వ్యాధిలో కంచె తన పనిని ఎప్పటిలాగే చేస్తోంది. పొరపాటంతా ఏది పశువో ఏది పైరో గుర్తించడంలోనే ఉంది. సూక్ష్మక్రిములను చంపడానికి శరీరం ఏ పద్ధతులను వాడుతుందో, ప్లేట్‌లెట్లను చంపడానికీ సరిగ్గా వాటినే వాడుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే లక్షణాలు, పరీక్షలు, మందులు అన్నీ ఒక తీగకు అల్లుకున్నట్టు అర్థమవుతాయి.

బీ కణాలు, టీ కణాలు అనేవి రోగనిరోధక వ్యవస్థకు చెందిన తెల్ల రక్తకణాలు. వాటిలో సొంత కణాలను గుర్తుపట్టి పట్టుకోగలవి ప్రతి ఒక్కరిలోనూ పుడుతూనే ఉంటాయి. బీ కణాలను ఎముక మజ్జలో, టీ కణాలను ఛాతీలోని థైమస్ గ్రంథిలో వడపోసి, ప్రమాదకరమైన వాటిలో ఎక్కువ భాగాన్ని శరీరం అక్కడే తొలగిస్తుంది. వడపోతను తప్పించుకున్న వాటిని నియంత్రక టీ కణాలు అనే ప్రత్యేక కణాలు అదుపులో ఉంచుతాయి. ప్లేట్‌లెట్లపై దాడి జరిగే రోగుల్లో ఈ నియంత్రక కణాల సంఖ్య, సామర్థ్యం రెండూ తగ్గినట్టు పలు పరిశోధనల్లో కనిపించింది. అదుపు సడలినప్పుడు, ప్లేట్‌లెట్‌ను గుర్తించే బీ కణం సహాయక టీ కణాల ప్రోత్సాహంతో ప్లాస్మా కణంగా మారి, యాంటీబాడీలను, అంటే ప్రతిరక్షకాలను, ఎడతెగకుండా తయారు చేస్తుంది.

ఆ యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది గ్లైకోప్రొటీన్ టూబీ-త్రీఏ అనే ప్రొటీన్‌ను; తరువాతి స్థానం గ్లైకోప్రొటీన్ వన్‌బీ-నైన్‌ది. మొదటిది ఒక్కో ప్లేట్‌లెట్ ఉపరితలంపై సుమారు 80,000 ప్రతులుగా ఉంటుంది. ప్లేట్‌లెట్లు ఒకదానినొకటి పట్టుకోవడానికి వాడుకునే కొక్కెం అదే. అందువల్ల కొందరు రోగుల్లో యాంటీబాడీలు ప్లేట్‌లెట్ల సంఖ్యను తగ్గించడంతో పాటు మిగిలిన వాటి పనితీరునూ దెబ్బతీస్తాయి.

దాడి మొదలవడానికి కారణం ప్రతి రోగిలోనూ తెలియదు. కొన్నిసార్లు వైరస్‌పైనో బాక్టీరియాపైనో తయారైన యాంటీబాడీలు, ఆ క్రిమి ప్రొటీన్‌కూ ప్లేట్‌లెట్ ప్రొటీన్‌కూ ఉన్న పోలిక వల్ల రెండింటినీ పట్టుకుంటాయి.

యాంటీబాడీ అంటుకున్న తర్వాత ప్లేట్‌లెట్‌కు ఏమవుతుంది?

యాంటీబాడీ మూడు కాళ్ల కొమ్మ ఆకారంలో ఉంటుంది. రెండు చేతులు ప్లేట్‌లెట్‌ను పట్టుకుంటే, ఎఫ్‌సీ అనే మూడో భాగం బయటికి పొడుచుకుని నిలబడుతుంది. ఇలా గుర్తు పడిన ప్లేట్‌లెట్ రక్తంతో పాటు ప్లీహంలోకి చేరుతుంది. ప్లీహంలోని ఎర్రటి గుజ్జు భాగంలో రక్తనాళాలకు కొంత దూరం గోడలే ఉండవు; రక్తకణాలు మెత్తటి కణజాలపు సందుల్లోకి ఒలికిపోయి, ఒకటి రెండు మైక్రోమీటర్ల వెడల్పున్న చీలికల గుండా ఒదుక్కుంటూ తిరిగి రక్తనాళంలోకి ప్రవేశించాలి. ప్రవాహం అక్కడ బాగా మందగిస్తుంది. సరిగ్గా ఆ సందుల్లోనే మాక్రోఫేజ్‌లు అనే భక్షక కణాలు కాపు కాసి ఉంటాయి.

మాక్రోఫేజ్ ఉపరితలంపై ఎఫ్‌సీ భాగాన్ని పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. ఒక్క యాంటీబాడీ తగిలితే పట్టు జారిపోవచ్చు. పక్కపక్కనే అనేకం తగిలినప్పుడు గ్రాహకాలు ఒకచోట గుమిగూడి, సిక్ అనే ఎంజైము ద్వారా కణం లోపలికి సంకేతం పంపుతాయి. అప్పుడు మాక్రోఫేజ్ పొర ప్లేట్‌లెట్ చుట్టూ రెండు పెదవుల్లా లేచి, దాన్ని కప్పి, లోపలికి లాక్కుని, జీర్ణరసాల సంచిలో కరిగించివేస్తుంది. పది రోజులు బతకవలసిన ప్లేట్‌లెట్ రెండు మూడు రోజుల్లో, తీవ్రమైన సందర్భాల్లో కొన్ని గంటల్లోనే ఇలా అంతరిస్తుంది.

కథ అంతటితో ముగియదు. మింగిన ప్లేట్‌లెట్ ముక్కలను మాక్రోఫేజ్ తన ఉపరితలంపై నిలిపి టీ కణాలకు చూపిస్తుంది. ఆ టీ కణాలు మరిన్ని బీ కణాలను ఉసిగొల్పుతాయి. మొదట ఒక ప్రొటీన్‌పై మొదలైన దాడి క్రమంగా ఇతర ప్రొటీన్లకూ పాకుతుంది. వ్యాధి తనను తాను పోషించుకునే ఈ వలయమే చాలామంది పెద్దవాళ్లలో అది ఏళ్ల తరబడి నిలిచిపోవడానికి ఒక కారణమని నా అభిప్రాయం.

ఇదంతా యాంటీబాడీల వల్లేనని మొదట ఎలా తెలిసింది?

1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో విలియం హ్యారింగ్టన్ అనే యువ వైద్యుడు, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయిన ఒక రోగి నుంచి తీసిన అర లీటరు రక్తాన్ని తనకే ఎక్కించుకున్నారు. లోపం మజ్జలో ఉందా, రక్తంలో తిరుగుతున్న ఏదో పదార్థంలో ఉందా అన్నది ఆనాటి వాదం. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు దాదాపు అడుగంటాయి. ఆయనకు మూర్ఛ కూడా వచ్చింది. కొద్ది రోజుల తర్వాత సంఖ్య తిరిగి మామూలు స్థాయికి చేరింది. ఆరోగ్యవంతుడి మజ్జ తయారు చేసిన ఆరోగ్యకరమైన ప్లేట్‌లెట్లను రోగి రక్తంలోని ఏదో పదార్థం నాశనం చేసిందని దానితో రుజువైంది. 1951లో ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. ఇంత ప్రమాదకరమైన ప్రయోగానికి ఇప్పుడు ఏ నైతిక సంఘమూ అనుమతి ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. అయినా ఆ ఒక్క రోజు జరిగిన పరిశీలన ఈ వ్యాధిపై ఆలోచనా దిశనే మార్చింది.

ఆ పదార్థం ఐజీజీ రకపు యాంటీబాడీ అని 1965లో షుల్మన్ బృందం చూపింది. ప్లీహం లేనివాళ్లకు రోగుల ప్లాస్మాను, అంటే కణాలు తీసేసిన రక్తపు ద్రవ భాగాన్ని, ఎక్కించినప్పుడు ప్రభావం తక్కువగా ఉండడాన్నీ ఆ బృందం గమనించింది. 1982లో వాన్ లూవెన్ బృందం ఒక చక్కని తర్కంతో లక్ష్యాన్ని పట్టుకుంది: రోగుల యాంటీబాడీలు మామూలు ప్లేట్‌లెట్లకు అంటుకున్నాయి గాని, పుట్టుకతోనే గ్లైకోప్రొటీన్ టూబీ-త్రీఏ లోపించిన వాళ్ల ప్లేట్‌లెట్లకు చాలావరకు అంటుకోలేదు.

ప్లేట్‌లెట్లు నశించేది ప్లీహంలోనేనా?

ప్రధానంగా అక్కడే, కాని అక్కడ మాత్రమే కాదు. ప్లేట్‌లెట్ ఉపరితలంపై చక్కెర గొలుసుల కొసన సియాలిక్ ఆమ్లం అనే అణువు ఉంటుంది. గ్లైకోప్రొటీన్ వన్‌బీని పట్టుకునే కొన్ని యాంటీబాడీలు ఈ కొసలు ఊడిపోయేలా చేస్తాయని ప్రయోగశాలల్లో గమనించారు. కొస ఊడిన ప్లేట్‌లెట్‌ను కాలేయ కణాలు ఆష్‌వెల్-మోరెల్ గ్రాహకం ద్వారా పట్టి తొలగిస్తాయి. ఇలాంటి దారి ప్రధానమైన రోగుల్లో ప్లీహాన్ని తీసివేసినా ఆశించినంత ఫలితం రాకపోవచ్చు.

మూడో దారిలో యాంటీబాడీల ప్రమేయమే ఉండదు. కణనాశక టీ కణాలు ప్లేట్‌లెట్లను నేరుగా చంపగలవని 2003 నుంచి ఆధారాలు వెలువడ్డాయి. యాంటీబాడీ పరీక్షలో ఏమీ కనిపించని రోగుల్లోనూ వ్యాధి ఎందుకు ఉంటుందో దీనివల్ల కొంత అర్థమవుతుంది. మరికొందరిలో కాంప్లిమెంట్ అనే రక్తప్రొటీన్ల వ్యవస్థ కూడా తోడవుతుంది.

నాశనమైనన్ని ప్లేట్‌లెట్లను మజ్జ తిరిగి తయారు చేయలేదా?

చాలాకాలం వైద్యులూ ఇలాగే ఆలోచించారు: మజ్జ శక్తికి మించి పనిచేస్తోంది, నాశనం అంతకన్నా వేగంగా జరుగుతోంది అని. తర్వాత తెలిసింది వేరు. మెగాకారియోసైట్లపైనా అవే ప్రొటీన్లు ఉంటాయి కనుక యాంటీబాడీలు, టీ కణాలు వాటినీ వదలవు. సూక్ష్మదర్శిని కింద మజ్జలో ఆ కణాలు సరిపడా, ఒక్కోసారి ఎక్కువగానే కనిపిస్తాయి గాని, వాటిలో చాలావాటి నుంచి ప్లేట్‌లెట్లు సరిగా విడుదల కావు.

దీనికి తోడు హార్మోను లెక్క ఒకటి ఉంది. ప్లేట్‌లెట్ల తయారీని పురిగొల్పే థ్రాంబోపొయిటిన్‌ను కాలేయం విడుదల చేస్తుంది. ప్లేట్‌లెట్లూ మెగాకారియోసైట్లూ దాన్ని పట్టుకుని రక్తం నుంచి తొలగిస్తాయి. మజ్జ పూర్తిగా ఎండిపోయే అప్లాస్టిక్ అనీమియాలో దాన్ని పట్టుకునేవే ఉండవు కనుక హార్మోను స్థాయి విపరీతంగా పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు పుట్టి వెంటనే నశించే ఈ వ్యాధిలో మాత్రం అవి హార్మోనును తమతోపాటే తీసుకుపోతాయి. అందువల్ల ప్లేట్‌లెట్లు పదివేలకు పడిపోయినా హార్మోను స్థాయి మామూలుగానో, కొద్దిగా ఎక్కువగానో మాత్రమే ఉంటుంది. మజ్జకు అందవలసినంత గట్టి పిలుపు అందదు. ఈ గమనిక నుంచే తర్వాత ఒక కొత్త తరగతి మందులు పుట్టాయి.

ఐటీపీ అని దేన్ని అంటారు?

పైన వివరించిన వ్యాధి పేరే ఐటీపీ, అంటే ఇమ్యూన్ థ్రాంబోసైటోపీనియా. చర్మంపై మచ్చలతో రక్తస్రావమయ్యే ఈ స్థితిని 1735లోనే జర్మన్ వైద్యుడు పాల్ వెర్ల్‌హోఫ్ వర్ణించారు. కారణం తెలియని రోజుల్లో 'ఇడియోపతిక్' అనే మాట పేరులో ఉండేది. 2009లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఆ మాటను తొలగించి 'ఇమ్యూన్' అని స్థిరపరచింది. వేరే కారణం లేకుండా ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గితేనే ఈ పేరు వాడాలని నిర్ణయించింది. మొదటి మూడు నెలలు కొత్తగా గుర్తించిన దశ, మూడు నుంచి పన్నెండు నెలలు కొనసాగుతున్న దశ, ఏడాది దాటితే దీర్ఘకాలిక దశ.

పిల్లల్లో వచ్చేదీ పెద్దల్లో వచ్చేదీ ఒకటేనా?

మూల ప్రక్రియ ఒకటే, నడక వేరు. పిల్లల్లో ఇది తరచుగా ఏదో వైరల్ జ్వరం తగ్గిన కొద్ది వారాలకు హఠాత్తుగా మొదలవుతుంది. రాత్రి మామూలుగా పడుకున్న బిడ్డ, ఉదయం మోకాళ్ల కింద సూదిమొనంత ఎర్రటి చుక్కలతో, ఎక్కడా దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలతో లేస్తుంది. ఆ చుక్కలపై గాజుగ్లాసు అదిమి చూస్తే దద్దుర్లు పాలిపోతాయి గాని ఇవి పాలిపోవు, ఎందుకంటే ఇది నాళాలు ఉబ్బిన ఎరుపు కాదు, నాళాల నుంచి బయటికి వచ్చిన రక్తం. తల్లిదండ్రులకు అది ఎంత భయం కలిగిస్తుందో చెప్పనక్కరలేదు. అయినా దాదాపు నూటికి 70 నుంచి 80 మంది పిల్లల్లో ఏడాదిలోగా వ్యాధి దానంతట అదే తగ్గిపోతుంది. అందుకే చర్మంపై మచ్చలు తప్ప వేరే రక్తస్రావం లేని పిల్లలకు, సంఖ్య ఎంత తక్కువగా ఉన్నా, మందులు ఇవ్వకుండా గమనిస్తూ ఉండడమే మేలని అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2019 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి.

పెద్దల్లో వ్యాధి సాధారణంగా నెమ్మదిగా మొదలై, ఎక్కువమందిలో దీర్ఘకాలికమవుతుంది. కొందరికి ఏ లక్షణమూ లేకుండా, వేరే పనికి చేయించిన రక్తపరీక్షలో బయటపడుతుంది.

వేరే వ్యాధుల వెంట కూడా ఇది వస్తుందా?

వస్తుంది. లూపస్, యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అనే ఇతర స్వీయదాడి వ్యాధులు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ, దీర్ఘకాలిక లింఫోసైటిక్ లుకేమియా అనే రక్త క్యాన్సర్, కొన్ని పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాలు, వీటన్నిటిలోనూ ప్లేట్‌లెట్లపై దాడి జరగవచ్చు. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవాళ్లలో స్వీయదాడి ఎందుకన్న సందేహం సహజం. నియంత్రించే కణాలు కూడా ఆ వ్యవస్థలో భాగమే. లోపం వాటిని తాకినప్పుడు రక్షణ తగ్గడం, అదుపు తప్పడం రెండూ కలిసే జరుగుతాయి.

ఇలాంటి సందర్భాల్లో అసలు వ్యాధికి చికిత్స చేస్తే ప్లేట్‌లెట్లు కోలుకోవచ్చు. కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉన్న కొందరు రోగుల్లో, దాన్ని యాంటీబయాటిక్‌లతో నిర్మూలించినంత మాత్రానే సంఖ్య పెరిగినట్టు ముఖ్యంగా జపాన్, ఇటలీ వైద్యులు గమనించారు. ప్లేట్‌లెట్లతో పాటు ఎర్ర రక్తకణాలపైనా యాంటీబాడీల దాడి జరిగితే దాన్ని ఎవాన్స్ సిండ్రోమ్ అంటారు.

మందులు, టీకాలు దీనికి కారణమవుతాయా?

క్వినైన్, కొన్ని సల్ఫా మందులు, వాంకోమైసిన్ వంటివి కొందరిలో మందు ఉన్నంతసేపే ప్లేట్‌లెట్‌ను పట్టుకునే విచిత్రమైన యాంటీబాడీలను పుట్టిస్తాయి. మందు ఆపేస్తే సాధారణంగా వారం పది రోజుల్లో సంఖ్య కోలుకుంటుంది. అందుచేత గత కొన్ని వారాల్లో వాడిన ప్రతి మాత్రనూ, చిన్నదని తోచినా సరే, వైద్యుడికి చెప్పాలి.

తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా తర్వాత ఆరు వారాలలోగా చాలా అరుదుగా, సుమారు 25,000 నుంచి 40,000 మోతాదులకు ఒకసారి, ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. దాదాపు అందరూ కోలుకుంటారు. ఆ జబ్బులు సోకినా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, అదీ మరింత తరచుగా. కనుక ఈ భయంతో టీకా మానేయడం సరికాదు.

ప్లేట్‌లెట్లు తగ్గాయంటే ఈ వ్యాధేనా?

కాదు. మొదట అసలు తగ్గాయో లేదో తేల్చుకోవాలి. రక్తపరీక్షకు వాడే గొట్టంలో గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. సుమారు వెయ్యి మందిలో ఒకరి రక్తంలో, ఆ రసాయనం సమక్షంలో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి. యంత్రం ఆ గుంపులను లెక్కించలేక తక్కువ సంఖ్య చూపుతుంది. గాజుపలకపై రక్తాన్ని పూతగా పూసి సూక్ష్మదర్శినితో చూసినా, సిట్రేట్ అనే వేరే రసాయనం ఉన్న గొట్టంలో మళ్లీ పరీక్షించినా సంగతి తేలిపోతుంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా స్టెరాయిడ్లు మొదలుపెట్టడం అన్యాయం.

కాలేయ వ్యాధిలో ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుతుంది. డెంగీ వంటి జ్వరాల్లో వైరస్ మజ్జను అణచడంతో పాటు తాత్కాలికంగా రోగనిరోధక దాడీ జరుగుతుంది. లుకేమియాలో తయారీయే కుంటుపడుతుంది.

తప్పనిసరిగా వేరుపరచవలసింది టీటీపీ, అంటే థ్రాంబోటిక్ థ్రాంబోసైటోపీనిక్ పర్పురా, అనే వ్యాధి. పేర్లు దగ్గరగా ఉన్నా ప్రక్రియ పూర్తిగా వేరు. అందులో యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను తాకవు. అడాంట్స్-13 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. దాని పని వాన్ విలెబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవైన జిగురు ప్రొటీన్‌ను ముక్కలు చేయడం. ఎంజైము పదిశాతానికి తగ్గితే ఆ జిగురుకు ప్లేట్‌లెట్లు అంటుకుని సూక్ష్మ రక్తనాళాలంతటా గడ్డలు కడతాయి. దానికి అత్యవసరంగా ప్లాస్మా మార్పిడి కావాలి, ఆలస్యం ప్రాణాంతకం. అలాగే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఇంజెక్షన్ మొదలైన 5 నుంచి 10 రోజులకు కొందరిలో యాంటీబాడీలు ప్లేట్‌లెట్లను ప్రేరేపించి, సంఖ్య తగ్గుతూనే గడ్డలు ఏర్పడేలా చేస్తాయి. యాంటీబాడీ ఎప్పుడూ రక్తస్రావానికే దారితీయదని ఈ రెండూ చూపుతాయి.

యాంటీబాడీ పరీక్షతో వ్యాధి నిర్ధారణ అవుతుందా?

ప్రత్యేక పరీక్షల్లోనూ సుమారు 60 శాతం రోగుల్లోనే యాంటీబాడీలు దొరుకుతాయి. దొరకకపోతే వ్యాధి లేదనలేము. అందుకే ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తోసిపుచ్చడమే ఇప్పటికీ నిర్ధారణ మార్గం: రోగి చరిత్ర, ఒంటి పరీక్ష, రక్తపు పూత, హెచ్‌ఐవీ, హెపటైటిస్ సీ పరీక్షలు. మజ్జ పరీక్ష అందరికీ అవసరం లేదు. రక్తపు పూతలో వేరే అసాధారణ కణాలున్నప్పుడో, చికిత్సకు స్పందన లేనప్పుడో చేస్తారు.

సంఖ్య ఎంతకు పడితే ప్రమాదం?

యాభై వేలకు పైన ఉన్నవాళ్లకు సాధారణంగా దానంతట అది రక్తం కారదు. ముప్పై వేల కింద మచ్చలు, చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ రక్తం, నెలసరిలో అధిక రక్తస్రావం కనిపించవచ్చు. పది వేల కింద తీవ్ర రక్తస్రావ భయం పెరుగుతుంది. మెదడులో రక్తస్రావం అరుదే: పెద్దల్లో సుమారు నూటికి ఒకరికి, పిల్లల్లో అంతకన్నా తక్కువ.

అయితే రక్తస్రావాన్ని చూడకుండా ఒక్క అంకెనే పట్టుకుని వ్యాకులపడడం రోగికి మేలు చేయదని గట్టిగా చెప్పదలచుకున్నాను. ఒకే పదిహేను వేలతో ఒకరు హాయిగా తిరుగుతారు, మరొకరికి నోట్లో రక్తపు పొక్కులు వస్తాయి. ఈ వ్యాధిలో కొత్తగా పుట్టిన ప్లేట్‌లెట్లు పెద్దవి, చురుకైనవి కావడం మొదటి రకానికి ఒక వివరణ. వయసు, రక్తపోటు, వాడుతున్న ఇతర మందులు, వృత్తి, అన్నీ లెక్కలోకి రావాలి. తీవ్రమైన అలసట కూడా ఈ వ్యాధి లక్షణమే. దాన్ని ఊహ అని కొట్టిపారేయకూడదు.

చికిత్సలు ఎలా పనిచేస్తాయి?

ప్రతి మందూ పైన చెప్పిన ప్రక్రియలో ఏదో ఒక మెట్టును అడ్డుకుంటుంది. స్టెరాయిడ్లు మాక్రోఫేజ్‌ల ఆకలిని తగ్గించి, యాంటీబాడీల తయారీని అణచివేస్తాయి. పెద్దల్లో ముప్పై వేల కన్నా తక్కువ ఉన్నప్పుడు సాధారణంగా మొదట ఇచ్చేవి ఇవే: ప్రెడ్నిసోలోన్, లేదా నాలుగు రోజుల పాటు రోజుకు 40 మిల్లీగ్రాముల డెక్సామెథాసోన్. ఆరు వారాలు మించకుండా ఆపాలని మార్గదర్శకాలు చెబుతాయి, ఎందుకంటే చక్కెర, రక్తపోటు, ఎముకలు, నిద్ర, మనసు, వీటన్నిటిపైనా వాటి భారం పడుతుంది. కాని రోగి తనంతట తాను హఠాత్తుగా మానేయకూడదు.

వేలాది దాతల ప్లాస్మా నుంచి తీసిన ఇమ్యునోగ్లోబులిన్‌ను నరం ద్వారా ఎక్కిస్తే మాక్రోఫేజ్ గ్రాహకాలు ఆ యాంటీబాడీలతోనే నిండిపోయి, ప్లేట్‌లెట్ల జోలికి వెళ్లలేవు. 1981లో స్విట్జర్లాండ్‌లో పాల్ ఇంబాక్ పిల్లల్లో దీని ప్రభావాన్ని చూపారు. ఒకటి నుంచి నాలుగు రోజుల్లో సంఖ్య పెరుగుతుంది, రెండు నుంచి నాలుగు వారాలు నిలుస్తుంది. అత్యవసరాల్లో దీని విలువ చాలా ఎక్కువ.

రిటుక్సిమాబ్ బీ కణాలను తొలగిస్తుంది. మొదట సగానికి పైగా రోగులు స్పందిస్తారు గాని, అయిదేళ్ల తర్వాత నూటికి 20 నుంచి 30 మందిలోనే ఫలితం నిలుస్తుంది. యాంటీబాడీలు తయారు చేసే దీర్ఘాయువు ప్లాస్మా కణాలపై రిటుక్సిమాబ్ పట్టుకునే గుర్తు ఉండకపోవడం దీనికొక కారణం. 2018లో అమెరికాలో అనుమతి పొందిన ఫోస్టామటినిబ్, మాక్రోఫేజ్ లోపల సిక్ ఎంజైమునే అడ్డుకుంటుంది. మరికొన్ని కొత్త మందులు యాంటీబాడీలను రక్తంలో ఎక్కువ కాలం నిలిపే ఎఫ్‌సీఆర్‌ఎన్ గ్రాహకాన్ని మూసివేసి, వాటి ఆయుష్షును తగ్గిస్తాయి.

రోమిప్లోస్టిమ్, ఎల్ట్రోంబోపాగ్ దారి వేరు. 2008లో అమెరికాలో అనుమతి పొందిన ఇవి నాశనాన్ని ఆపవు. థ్రాంబోపొయిటిన్ గ్రాహకాన్ని ప్రేరేపించి మజ్జకు అందని ఆ గట్టి పిలుపును తామే అందిస్తాయి. ఎల్ట్రోంబోపాగ్ వాడేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి: పాలు, పెరుగు, కాల్షియం మాత్రలు, ఇనుము మాత్రలు ఆ మందును పేగులోనే బంధించి వృథా చేస్తాయి. వాటికి రెండు గంటల ముందో, నాలుగు గంటల తర్వాతో మాత్ర వేసుకోవాలి. మందు పనిచేయడం లేదని నిర్ణయించే ముందు ఇది అడిగి తెలుసుకోవడం మంచిది.

ప్లీహాన్ని తీసేస్తే వ్యాధి పోతుందా?

1916లో ప్రాగ్‌లో పాల్ కాజ్నెల్సన్ అనే వైద్య విద్యార్థి, ఒక రోగికి ప్లీహం తీసివేయమని తన ప్రొఫెసరుకు సూచించారు. శస్త్రచికిత్స తర్వాత ప్లేట్‌లెట్లు గణనీయంగా పెరిగాయి. యాంటీబాడీ సంగతి తెలియడానికి 35 ఏళ్ల ముందే ఈ ఊహ ఫలించింది. ఇప్పటికీ ఈ శస్త్రచికిత్స వల్ల సుమారు మూడింట రెండు వంతుల మందికి దీర్ఘకాలిక ఉపశమనం కలుగుతుంది.

దాని మూల్యమూ ఉంది. న్యూమోకాకస్, మెనింజోకాకస్, హీమోఫిలస్ వంటి బాక్టీరియాలను రక్తం నుంచి వడకట్టేది ప్లీహమే. కనీసం రెండు వారాల ముందే ఆ టీకాలు వేయించుకోవాలి, ఆ తర్వాత జీవితాంతం ఏ జ్వరాన్నైనా అత్యవసరంగా పరిగణించాలి. కొందరిలో వ్యాధి మొదటి ఏడాదిలోనే తగ్గిపోయే అవకాశం ఉన్నందున, అప్పటిదాకా ఆగడం సరైన పద్ధతి.

ప్లేట్‌లెట్లు ఎక్కించుకుంటే సరిపోదా?

దాత ప్లేట్‌లెట్లపైనా అవే ప్రొటీన్లు ఉంటాయి కనుక యాంటీబాడీలు వాటినీ గంటల్లో ముగిస్తాయి. ప్రాణాపాయ రక్తస్రావంలో మాత్రం ఇమ్యునోగ్లోబులిన్, స్టెరాయిడ్లతో కలిపి ఎక్కిస్తారు. ఆ కొద్ది గంటలే అప్పుడు విలువైనవి.

గర్భిణికి ఈ వ్యాధి ఉంటే బిడ్డకు ప్రమాదమా?

గర్భంలో ప్లేట్‌లెట్లు కొద్దిగా తగ్గడం చాలామందిలో సహజం, అది ఈ వ్యాధి కాదు. నిజంగా ఐటీపీ ఉన్న తల్లుల విషయంలో ఐజీజీ యాంటీబాడీలు మాయను దాటి బిడ్డను చేరతాయి. నవజాత శిశువుల్లో సుమారు పదింట ఒకరికి సంఖ్య యాభై వేల కింద ఉంటుంది. పుట్టిన రెండు నుంచి అయిదు రోజుల మధ్య అది అత్యల్పానికి చేరుతుంది. అందుకే పుట్టిన రోజు సంఖ్య బాగుందని పరీక్షలు ఆపకూడదు. తల్లి యాంటీబాడీలు కొన్ని వారాల్లో కరిగిపోయాక బిడ్డ పూర్తిగా కోలుకుంటుంది. తీవ్ర రక్తస్రావం అరుదు, చాలామంది తల్లులకు సాధారణ కాన్పే జరుగుతుంది.

రోజువారీ జీవితంలో ఏ జాగ్రత్తలు కావాలి?

ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు మిగిలిన ప్లేట్‌లెట్ల పనినీ చెడగొడతాయి కనుక వైద్యుడు చెప్పనిదే వాడకూడదు. సంఖ్య తక్కువగా ఉన్నప్పుడు కండరానికి ఇచ్చే ఇంజెక్షన్లు, తలకు దెబ్బ తగిలే ఆటలు మానుకోవాలి. పళ్లు తీయించుకునే ముందు దంతవైద్యుడికి చెప్పాలి. యాంటీబాడీల దాడిని ఆపే ఆహారమేదీ లేదు. మంచి భోజనం ఆరోగ్యానికి అవసరమే గాని అది చికిత్సకు బదులు కాదు.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు వెళ్లాలి?

ఎప్పుడూ లేనంత తలనొప్పి, ఆగని వాంతులు, చూపు మసకబారడం, మాట తడబడడం, స్పృహ తగ్గడం, మూర్ఛ, తలకు దెబ్బ తగలడం, వీటిలో ఏది జరిగినా క్షణం ఆలస్యం చేయకూడదు. నల్లటి లేదా ఎర్రటి మలం, మూత్రంలో రక్తం, పది పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కిపట్టినా ఆగని ముక్కు రక్తం, గంటగంటకూ ప్యాడ్ మార్చవలసి వచ్చే నెలసరి, బుగ్గల లోపల రక్తపు పొక్కులు ఉన్నా అదే రోజు వెళ్లాలి. ప్లేట్‌లెట్లు తక్కువగా ఉండగా జ్వరం, కామెర్లు, తికమక కలిసి కనిపిస్తే టీటీపీ కావచ్చన్న అనుమానాన్ని వైద్యుడికి మీరే ముందుగా గుర్తుచేయవచ్చు. వ్యాధి పేరు, చివరి రక్తపరీక్ష తేదీ, సంఖ్య, వాడుతున్న మందులు, ప్లీహం తీసివేశారా లేదా అన్న వివరాలు ఒక చిన్న కాగితంపై రాసి ఎప్పుడూ దగ్గర ఉంచుకుంటే, మీరు మాట్లాడలేని స్థితిలో ఉన్నా చికిత్స సరైన దారిలో మొదలవుతుంది.